పశువు ప్రాణమును ఎరిగిన నీతి

ధ్యాన భాగము: సామెతలు 12:10, నిర్గమకాండము 23:5, 12

ప్రియులారా, నీతిమంతుడెవడని అడిగినయెడల మనము అతని ప్రార్థనను, కానుకను, సంఘములోని సాక్ష్యమును తలంతుము. సామెతల గ్రంథకర్తయైతే మనలను అతని పశువుల కొట్టమునకు తీసికొనిపోవుచున్నాడు. హెబ్రీ మూలమున ఆ వచనములోని క్రియకు "ఎరుగుట" అని అర్థము. నీతిమంతుడు తన పశువు ఆకలిని, దప్పికను, అలసటను ఎరుగును. నోరులేని జీవము చెప్పుకొనలేదు గనుక ఎరుగుట యజమానుని విధి.

దేవుడు దీనిని మనుష్యుల మంచితనమునకే విడిచిపెట్టక ధర్మశాస్త్రములో చేర్చెను. విశ్రాంతి దినము యజమానునికే కాదు, అతని ఎద్దుకును గాడిదకును చెందినది. పగవాని గాడిద బరువు క్రింద కూలినను దానిని లేపవలెను. పగ మనుష్యులది; దానితో గాడిదకు పనిలేదు.

మన దేశమునందును ఇట్టి శాసనములు కలుగుటకు కొందరు ప్రయాసపడిరి. 1861లో కోల్స్‌వర్తీ గ్రాంట్ కలకత్తాలో జంతుహింస నివారణ సంఘమును స్థాపించెను. రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలముగా 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చెను. దాని క్రింద 1978లో ఏర్పడిన రవాణా నిబంధనలు ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణమునకు పరాయివి కావు. బ్రాడ్‌గేజి సరకుల వ్యాగనులో పెద్ద పశువులు 10కి గాని, దూడలు 15కి గాని మించరాదు. నేలమీద గడ్డి పరచవలెను; గాలి ఆడవలెను; మేత ఉండవలెను; పాడిపశువులను దినమునకు రెండుసార్లైనను పిదికి, దూడలకు పాలు పట్టవలెను.

అయితే అదే చట్టము క్రూరత్వమునకు మొదటిసారి విధించిన జరిమానా 10 రూపాయలు మొదలుకొని 50 రూపాయల వరకే. మనుష్యులు కట్టిన వెల అది. కాసులకు అమ్ముడుపోవు పిచ్చుకలలో ఒక్కదానినైనను దేవుడు మరువడని ప్రభువు బోధించెను (లూకా 12:6). జరిమానా భయము చాలని చోట దైవభయమే మన చేతిని ఆపవలెను.

2025 జూలై 18న తెల్లవారకముందే, ఖరగ్‌పూర్ డివిజనులో ఝార్‌గ్రామ్ ప్రాంతపు బాంస్‌తలా స్టేషను సమీపమున, పట్టాలు దాటుచున్న ఒక పెద్ద ఏనుగును, రెండు గున్నలను ఎక్స్‌ప్రెస్ బండి ఢీకొనగా మూడును మరణించెను. వేగముగా పోవు బండి బ్రేకు వేసిన చోటనే నిలువదు గనుక, నడిపినవానిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. మంద వచ్చు దారిని ఎరిగినవాడు తెలుపవలెను. తెలిసికొన్నవాడు వేగము తగ్గింపజేయవలెను. ఎరుకయు పనియు కలిసినప్పుడే అది నీతి.

"ఏనుగులు మా చేలు త్రొక్కుచున్నవి, మనుష్యులను చంపుచున్నవి, మొదట మాపై జాలి చూపుడి" అని అడవి అంచున నివసించువారు అనవచ్చును. వారి మొర న్యాయమైనదే. పంట పోగొట్టుకొన్న రైతును ఆదరింపని జీవకారుణ్యము సగము కారుణ్యమే. నీనెవె పట్టణమునుగూర్చి యోనాతో మాటలాడిన దేవుడు అక్కడి జనులను లెక్కించెను, పశువులను కూడ తలంచెను. ఒకరిపై దయ చూపుటకు మరియొకరిని విడిచిపెట్టలేదు.

కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము వేయరాదను ఆజ్ఞను పౌలు సువార్త పనివారికి వర్తింపజేసెనే, అది ఎద్దునుగూర్చినది కాదు గదా అని కొందరు వాదింతురు. ఎద్దునకు కూలి నిజముగా చెల్లవలసియున్నందుననే అతని వాదము పనివానియెడల మరింత బలముగా నిలిచినది. ఎద్దు నోరు కట్టినవాడు కూలివాని నోరు కొట్టుటకు వెనుదీయడు.

కాబట్టి సహోదరులారా, మనలను మనము పరీక్షించుకొందము. క్రిస్మసు విందునకు కోళ్లను కాళ్లు కట్టి తలక్రిందులుగా సైకిలుకు వ్రేలాడదీసి తెచ్చి, స్తోత్రము చెప్పి భుజించుచున్నామా? వాకిట నిలిచిన కుక్కపై వేడినీళ్లు చల్లి ప్రార్థన కూటమునకు పోవుచున్నామా? వ్యాగనులోనైనను లారీలోనైనను ఇంకొక పశువును త్రోయుమని యెవరైన చెప్పినప్పుడు, "చోటులేదు" అనుటకు ధైర్యము కలదా? ఆ ఒక్క మాటవలన మనకు నష్టము కలుగవచ్చును. మన నీతి అక్కడనే తేలును.

ప్రార్థన: సమస్త ప్రాణులను పోషించు తండ్రీ, మా చేతి క్రింద నీవుంచిన జీవుల బాధను ఎరుగు హృదయమును, ఎరిగినదానిని చేయు ధైర్యమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.