పెళ్ళికి ముందే చెప్పు, మాత్ర మాత్రం మానకు

అమ్మాయీ,

పెళ్ళి కుదిరిందని రాశావు, చాలా సంతోషం. ఫిట్స్ (మూర్ఛ) మాట అత్తవారి దగ్గర ఎత్తొద్దనీ, నెల తప్పగానే మాత్రలు ఆపేయమనీ చుట్టాలు చెబుతున్నారట. ఆ రెండు మాటలూ చెవిన పెట్టకు.

నువ్వు వాడే వాల్ప్రోయేట్ ఫిట్స్‌ను బాగా అదుపు చేసే మందే. కానీ కడుపులో బిడ్డకు మంచిది కాదు. ఈ మందు వాడిన తల్లుల పిల్లల్లో 100కి సుమారు 10 మందికి పుట్టుకతోనే అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి మాట, నడక, చదువుల్లో వెనకబాటు కనిపించాయి. అమెరికా, బ్రిటన్‌లలో ఇలాంటి పిల్లలను ఆరేళ్ళ వయసు దాకా గమనించి 2013లో ఫలితాలు ప్రకటించారు. తల్లులు వేరే ఫిట్స్ మందులు వాడిన పిల్లలకంటే వీళ్ళ ఐక్యూ 8 నుంచి 11 పాయింట్లు తక్కువ ఉంది. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది.

అలాగని నీ అంతట నువ్వు మానేస్తే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. అది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. బిడ్డ వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని నీకు తెలిసేసరికి ఆ ఘట్టం దాదాపు దాటిపోతుంది. అందుకే గర్భానికి నెలల ముందే న్యూరాలజిస్టును కలువు. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ అనే మందులు బిడ్డకు చాలా వరకు సురక్షితమని తేలింది. నీ ఫిట్స్ రకాన్ని బట్టి మందు మార్చడం, ఎంత ఫోలిక్ యాసిడ్ వాడాలో చెప్పడం ఆయన పని. మార్పు కుదిరేదాకా గర్భం రాకుండా చూసుకోండి. గర్భిణికి ఒంట్లో లామోట్రిజిన్ స్థాయి తగ్గిపోతుంది కనుక అప్పుడప్పుడు రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేస్తారు.

ఇన్ని జాగ్రత్తలు భర్తకు తెలియకుండా దొంగచాటుగా జరిగేవి కావు. దాచిన మాత్ర ఏదో ఒక పూట తప్పుతుంది. చెప్పడానికి భయపడాల్సిన పనీ లేదు. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేస్తున్నారు. వారిలో ఎక్కువమంది ఆరోగ్యవంతులైన బిడ్డలనే కన్నారు. మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదనే నిబంధనను మన చట్టం 1999లోనే తీసేసింది. చట్టమే వదిలేసిన సిగ్గును నువ్వెందుకు మోయాలి?

అబ్బాయితో నువ్వే నేరుగా మాట్లాడు. విని వెనక్కి తగ్గేవాడైతే ఆ సంబంధం పోయినా నష్టం లేదు. నిలబడేవాడైతే డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. పుట్టబోయే బిడ్డకు మీరిద్దరూ చేయాల్సిన మొదటి మేలు అదే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ