పొగలో వాటా

ఐదేళ్లుగా నన్ను గచ్చిబౌలి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లే డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. మా ఆఫీసుకి కార్లు పంపే ట్రావెల్స్‌లో ఆయన సొంత బండి తిరిగేది. మొన్న వేసవిలో మా ఆఫీసు ఒక కమిటీ వేసింది. ఎయిర్‌పోర్టు ట్రిప్పులకి ఇకనుంచి ఎలక్ట్రిక్ కార్లే వాడాలని తీర్మానించాం. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. మొదట లేచిన చెయ్యి నాదే.

నెల తర్వాత ఆయన ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. "నాది డీజిల్ బండి గద సార్. ఇంక రెండేండ్ల కిస్తీలున్నయి. గివి కట్టకుండ కొత్త బండికి బ్యాంకోడు మల్ల అప్పిస్తడా? మీరన్న జర చెప్పుండ్రి," అన్నాడు. చూస్తానని ఏదో నసిగి పెట్టేశాను.

ఆ రాత్రి అలవాటు కొద్దీ లెక్కలు వేశాను. మా ఆఫీసు నుంచి ఎయిర్‌పోర్టుకి సుమారు 30 కిలోమీటర్లు. ఆయన కారుకి రెండు లీటర్ల డీజిల్ చాలు. నేనెక్కే ఢిల్లీ విమానం గంటకి రెండు టన్నులకు పైగా ఇంధనం తాగుతుంది. రెండు గంటల ప్రయాణం, 180 సీట్లు. నా సీటు వాటాకి దాదాపు 30 లీటర్లు వస్తుంది. రానూపోనూ 60. అంటే నేనొక్క మీటింగుని వీడియో కాల్‌లో కానిస్తే, వాటాల లెక్కలో ఆయన 30 ట్రిప్పులకి సమానం. భూమి వేడెక్కడం గురించే అయితే ఆయన డీజిల్ సముద్రంలో కాకిరెట్ట. నేను విమానం మానలేదు. ఆయన ట్రిప్పులు మాత్రం మాన్పించాను.

మరి ఈ ఎలక్ట్రిక్ కార్ల వ్యవహారమంతా పైన పటారమేనా? కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. పైగా మన దగ్గర కరెంటులో సింహభాగం బొగ్గుదే. శంషాబాద్‌లో ఆగిన పొగ కొంత రామగుండంలోనో కొత్తగూడెంలోనో లేస్తుంది. బగ్‌ని సరిచేయకుండా పక్క టీమ్ మాడ్యూల్‌లోకి తోసేసి టికెట్ క్లోజ్ చేసినట్టు.

ఒక రాత్రి తమ్ముణ్ణి తీసుకురావడానికి వెళ్లి, విమానం ఆలస్యమై గంటసేపు అరైవల్స్ బయట నిలబడ్డాను. ఏసీ కోసం ఇంజన్ ఆపని కార్లు వరసగా వస్తున్నాయి, పోతున్నాయి. ట్రాలీలు తోసే కుర్రాళ్లు, విజిల్ ఊదుతూ బండ్లని కదిలించే మనిషి, పేర్ల బోర్డులు పట్టుకున్న డ్రైవర్లు. గంటకే నా గొంతు మండింది. వాళ్లకది షిఫ్టంతా పీల్చే గాలి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. 2019లో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చి ఎయిర్‌పోర్టు రూట్లలో తిప్పడం మొదలుపెట్టింది. అలాంటి బస్సు వచ్చి ఆగితే పక్కనున్నవాళ్లు ముక్కు మూసుకోనక్కర్లేదు. నా లీటర్ల లెక్కలో ఈ ముక్కులు లేవు. భూమిని కాపాడుతున్నానని గొప్పలు పోకుండా, పక్కన నిలబడ్డవాడి ఊపిరి కోసం అనుకుంటే ఎలక్ట్రిక్ బండికి గట్టి కారణమే ఉంది.

చిక్కు ఏంటంటే, ఆ పక్కన నిలబడ్డవాళ్లలో మా డ్రైవరూ ఒకడు. అందరికంటే ఎక్కువ పొగ పీల్చింది ఆయనే. గాలి బాగుపడితే బాగుపడేదీ ఆయన ఊపిరే. కానీ ఖర్చంతా ఆయన మీదే వేసి, మంచిపేరు మా ఆఫీసు వార్షిక నివేదికలో రాసుకున్నాం. ఢిల్లీలోనూ ఇంతే జరిగింది. 1998లో సుప్రీంకోర్టు బస్సులు, ఆటోలు సీఎన్‌జీకి మారాలంది. ఆదేశం మంచిదే. కానీ తర్వాతి ఏళ్లలో గ్యాస్ కోసం బంకుల ముందు గంటల తరబడి క్యూల్లో నిలబడింది ఆటోవాళ్లు. ఆ గంటల కిరాయి వాళ్లకెవరిచ్చారు?

నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను. బిల్లు వెళ్లిన చిరునామా తప్పు. విమానం టికెట్‌లో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజని కొన్ని వందలు కడుతుంటాను. ఎయిర్‌పోర్టు కోసం అడిగితే కట్టినవాణ్ణి, అక్కడిదాకా తీసుకెళ్లిన మనిషి కోసం ట్రిప్పుకి ఇంకో వంద కట్టలేనా? నా పనికి నేను విమానమెక్కుతూ, శుభ్రత మాత్రం ఇంకొకడి కిస్తీల్లోంచి కొనుక్కుంటే అది శుభ్రత ఎలా అవుతుంది?

పోయిన వారం కమిటీని మళ్లీ కూర్చోబెట్టాను. ఇప్పటికే మాకు తిరుగుతున్న డీజిల్ బండ్లకి రెండేళ్ల గడువివ్వాలనీ, బండి మార్చుకునేవాళ్లకి ట్రిప్పు రేటు పెంచాలనీ అడిగాను. రెండేళ్ల పొగ మిగులుతుందని తెలుసు. ట్రాలీ కుర్రాళ్ల తరఫున ఎవరైనా అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. ఫైనాన్స్ వాళ్లు "చూద్దాం" అన్నారు.

ఆయనకి ఇంకా ఫోన్ చెయ్యలేదు. "చూద్దాం" అనే మాట నా నోటి నుంచి ఆయన ఇప్పటికే ఒకసారి విన్నాడు.