కుర్చీ మీద కోపం

అణగారిన కులంవాడు పదవిలోకి వస్తే వినిపించే మొదటి మాట, అర్హత లేదని. కోపానికి అసలు కారణం అదే అయితే చక్కగా పనిచేసేవాళ్ల జోలికి ఎవరూ పోకూడదు. 1898 ఫిబ్రవరిలో అమెరికాలో, సౌత్ కరోలినా రాష్ట్రంలోని లేక్ సిటీలో నల్లజాతి పోస్ట్‌మాస్టర్ ఫ్రేజర్ బేకర్ ఇంటికి అర్ధరాత్రి నిప్పు పెట్టారు. పోస్టాఫీసు కూడా ఆ ఇల్లే. బేకర్‌ను, తల్లి చేతుల్లో ఉన్న పసిపాప జూలియాను కాల్చి చంపారు. విచారణ జరిగింది, ఒక్కడికీ శిక్ష పడలేదు. స్టాంపులు అమ్మే పనిలో ఏ జాతి సామర్థ్యం తేలుతుంది? తమ ఉత్తరం కోసం అతని ముందు నిలబడాల్సి రావడమే వాళ్లకు కంటగింపు. మదురై జిల్లా మేలవలవు పంచాయతీ 1996లో దళితులకు రిజర్వయింది. అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ను 1997 జూన్ 30న బస్సు ఆపి నరికేశారు. శంబూకుడి కథలోనూ అంతే: తపస్సు సరిగా చేయలేదని కాదు, చేస్తున్నాడని చంపారు. పుట్టుకతోనే పెద్దరికం వస్తుందని నమ్మేవాడికి, కింద ఉండాల్సినవాడు సంతకం పెట్టే చోట కూర్చోవడమే తన నమ్మకాన్ని అబద్ధం చేస్తుంది.

ముందు మనసులు మారాలి, చట్టం తొందరపడకూడదు అంటారు కొందరు. మంచి మనసుతోనే అంటారు. కానీ కుర్చీ ఖాళీ చేస్తే మనసులు కరుగుతాయా? నార్త్ కరోలినా ప్రతినిధి జార్జ్ హెన్రీ వైట్ 1901లో కాంగ్రెస్‌ను వీడాక, ఆ రాష్ట్రం మళ్లీ నల్లజాతి ప్రతినిధిని గెలిపించింది 1992లో!

చదువు అడగడం తప్పా అనేది ఇంకాస్త బరువైన ప్రశ్న. హర్యానా 2015లో పంచాయతీ అభ్యర్థులకు చదువు తప్పనిసరి చేసింది: సాధారణంగా పదో తరగతి, మహిళలకూ దళితులకూ ఎనిమిది, వార్డుకు నిలబడే దళిత మహిళకు ఐదు. జస్టిస్ చలమేశ్వర్ ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఇది తుపాకీ కాదు, ఒప్పుకుంటాను. అయితే ఈ చట్టం చేసిన శాసనసభ్యులకు అలాంటి షరతు లేదు. బడి దక్కనివాళ్లకు పదవీ దక్కకపోతే, ఊళ్లోకి బడి తెచ్చేదెవరు? మిసిసిపీ 1890లో ఓటుకు పెట్టిన అక్షరాస్యత పరీక్ష కూడా పైకి సమానంగానే కనిపించింది. హర్యానా నియమం వచ్చిన 2015లోనే, డిసెంబరులో, పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించి, దళిత పంచాయతీ సభ్యులను విధులు చేయనివ్వకపోవడాన్ని శిక్షార్హమైన నేరాల్లో చేర్చింది. దేశంలో ఎన్నో ఊళ్లలో అది జరుగుతూ ఉండబట్టే ఆ మాట చట్టంలోకి ఎక్కింది.