కాపురం విడిపోయినా కట్టవలసిన పన్ను



భార్యాభర్తలు విడిపోయిన ఇంట్లో పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, బంగారం ఎవరిది, ఇల్లు ఎవరిది అని పెద్దమనుషులు రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడతారు. పన్నుల సంగతి ఎవరికీ గుర్తు రాదు. నోటీసు వచ్చినప్పుడే గుర్తొస్తుంది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మన విచారణలలో ఇటువంటి తగవులు లేవని అనలేము గనుక ఈ వారం దీని గురించి ఆలోచిద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. పాపసంకీర్తనలో విన్నది గురువు నోట రాదు, కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కరలేదు.

ముందు చట్టం. జ్ఞానవివాహం ఇద్దరినీ ఏకశరీరం చేస్తుంది. మన దేశపు ఆదాయపు పన్ను శాఖకు మాత్రం వారు ఎప్పుడూ ఇద్దరే. ఎవరి పాన్ నంబరు వారిది, ఎవరి రిటర్ను వారిది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు ఆలుమగలు కలిసి ఒకే రిటర్ను వేస్తే ఆ ఏటి పన్నుకు ఇద్దరూ పూచీ, తరువాత విడాకులైనా ఆ పూచీ పోదు. ఏమీ ఎరుగక సంతకం పెట్టినవారు ఉపశమనం కోరడానికి అక్కడి చట్టం దారి ఉంచింది. ఇక్కడ ఆ చిక్కు లేదు గాని మన చిక్కు మనకుంది. భర్త తన డబ్బును భార్య పేర డిపాజిట్టు వేసి పన్ను తప్పిందనుకుంటాడు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలిపింది. వేరుగా బ్రతకడానికి చేసుకున్న ఒప్పందం మేరకు ఇచ్చిన ఆస్తికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. లెక్కల చట్టంలో కూడా ఈ దుఃఖానికి చోటు పెట్టారు చూడండి! ఆ మినహాయింపు కోసమో, మరేదైనా లాభం కోసమో ఒకే వంటింట్లో తింటూ కాగితం మీద విడిపోయేవారి సంగతి చర్చించనక్కరలేదు. అది అబద్ధం, అంతే.

ఇంటి పన్ను చిన్న విషయమే. ఇల్లు భర్త పేర ఉంది, భార్యాపిల్లలు అందులో ఉంటున్నారు. "ఉండేది ఆమె, నేనెందుకు కట్టాలి" అని ఆయన, "పట్టా ఆయన పేరు మీదుంది" అని ఆమె. ఉదయగిరిలో పంచాయతీకి, ఆత్మకూరులో మున్సిపాలిటీకి రావలసిన డబ్బు నిలిచిపోతుంది. మనిషికి మనిషి ఇవ్వవలసినది ఒకటి, మనిషి సమాజానికి ఇవ్వవలసినది మరొకటి అని పునీత తోమా అక్వినాసు న్యాయాన్ని విడదీసి చెప్పారు. మొదటిదానిలో తగవు వచ్చినంత మాత్రాన రెండవది ఆగదు. వీధి దీపానికి, కుళాయి నీళ్లకు మీ తగవుతో పని లేదు. ఎవరో ఒకరు కట్టి, రసీదు దాచుకుని, తరువాత లెక్క తేల్చుకోవాలి.

కష్టమైన ప్రశ్న వేరే ఉంది. ఒక భర్తకు వ్యాపారం ఉందనుకుందాం. రెండు లెక్కల పుస్తకాలు. అసలుది ఇంట్లో, కొసరుది ఆఫీసుకు. పదేళ్లుగా భార్యకు తెలుసు. ఇప్పుడు విడిపోయారు, మనోవర్తి కేసు నడుస్తోంది. ఆయన పన్ను ఆఫీసుకు చూపిన చిన్న లెక్కనే కోర్టుకూ చూపి "నా సంపాదన ఇంతే" అంటాడు. మొన్న ప్రజల సొమ్ము తిన్న అబద్ధమే నేడు పిల్లల అన్నం తింటోంది. ఆమె నిజం చెప్పవచ్చునా? చెప్పవచ్చు, కోర్టులో అడిగితే చెప్పి తీరాలి. మనోవర్తి వ్యాజ్యాలలో ఇరుపక్షాలూ తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రంలో తెలపాలని 2020లో రజ్నేష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దంపతులు వేరైనప్పుడు పిల్లల పోషణకు, చదువుకు తగిన ఏర్పాటు చేయాలని 1983 నాటి శ్రీసభ చట్టం 1154వ అధికరణ కూడా విధిస్తోంది. భర్త పరువు కాపాడటం మంచిదే, కాని పిల్లల నోటి దగ్గర కూడు తీసి కాపాడవలసిన పరువు ఏదీ లేదు.

అదే నిజాన్ని ఇంకొక విధంగానూ వాడవచ్చు. "ఐదు లక్షలు ఇస్తావా, ఇన్‌కం టాక్సు వాళ్లకు ఉత్తరం రాయమంటావా?" ఇక్కడ నిజం అంగడి సరుకైంది. ఆమె ఉత్తరం రాయడం న్యాయమే అయితే డబ్బు పుచ్చుకుని ఊరుకోవడం అన్యాయం. ఊరుకోవడమే న్యాయమైతే బెదిరించడం అన్యాయం. ఏ వైపు నుండి చూసినా ఆ బేరం నిలవదు. పైగా డబ్బు చేతిలో పడగానే ఆమె ఆ దొంగలెక్కలో భాగస్వామి అవుతుంది.

ఆ పదేళ్ల సొమ్ముతో కొన్న నగలు ఆమె ఒంటి మీద కూడా ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తెలిసి సంతకం పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు, తెలుసుకోవడం ఇష్టం లేక పెట్టడం వేరు. నా లెక్కలో మనవాళ్లలో మూడవ రకమే ఎక్కువ. అలాంటి అజ్ఞానం తప్పును మాపదు. అయితే "పెట్టవే సంతకం" అని గద్దిస్తే వణుకుతూ పెట్టిన ఇల్లాలిని అదే త్రాసులో తూచరాదు. భయం బాధ్యతను తగ్గిస్తుందని నీతిశాస్త్రం ఒప్పుకుంటుంది.

ఇక పేదింటి సంగతి. సంక్షేమ పథకాలకు రాష్ట్ర ప్రభుత్వం 2019లో పెట్టిన అర్హతలలో, కుటుంబంలో ఎవరూ ఆదాయపు పన్ను కట్టేవారై ఉండరాదన్నది ఒకటి. ఎప్పుడో వదిలిపోయిన భర్త పట్నంలో పన్ను కడుతుంటే, కాగితం మీద ఇంకా ఆయన కుటుంబంలోనే ఉన్న భార్య ఇక్కడ అనర్హురాలు కావచ్చు. ఇంటికి రూపాయి పంపని మనిషి ప్రభుత్వానికి కట్టిన పన్ను ఆమె కంచానికి అడ్డుపడుతుంది! వివాహ సంస్కారాన్ని గౌరవించి విడాకులకు వెళ్లని స్త్రీకే ఈ కష్టం ఎక్కువ. అమ్మా, మీకు దారులున్నాయి. క్రూరత్వం, వ్యభిచారం, రెండేళ్లకు పైగా విడిచిపెట్టడం వంటి కారణాలు ఉంటే, విడాకులు కాకుండానే వేరుగా ఉండేందుకు కోర్టు తీర్పు పొందే వీలు 1869 నాటి విడాకుల చట్టంలో ఉంది. హక్కులను, పిల్లల సంరక్షణను కాపాడుకోవడానికి పౌర విడాకులు తప్ప మార్గమే లేనప్పుడు వాటిని సహించవచ్చునని, అది నైతిక దోషం కాదని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతోంది. దేవుని ఎదుట బంధం మాత్రం అలాగే ఉంటుంది.

అయ్యా, కార్డు విడదీయడానికి ఆమె సచివాలయానికి వెళ్లినప్పుడు మీ అంగీకారం అడిగితే "నాకేం పని" అనకండి. ఒకే బల్ల మీద కూర్చోలేకపోతే ఆమె ఉదయం వెళుతుంది, మీరు సాయంత్రం వెళ్లండి.