కింద చిన్న అక్షరాల్లో

“మేడమ్, ఈ సంతకం మీదేనా?”

కౌంటరు దాటి నేరుగా నా గదిలోకి వచ్చిన మనిషి అడిగిన మొదటి మాట అది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. చేతిలో మడతలు పడిన రిపోర్టు, ఆయన భార్యది. ఆమెకి రెండుసార్లు గర్భం నిలవలేదు. రెండోసారి తర్వాత డాక్టరుగారు ‘టార్చ్’ పరీక్ష రాశారు. గర్భంలో బిడ్డకి హాని చేసే కొన్ని ఇన్‌ఫెక్షన్లను ఒకే రక్తపు చుక్కలో వెతికే ప్యాకేజీ అది. అన్నీ నెగెటివే, ఒక్క వరస తప్ప. హెర్పిస్ సింప్లెక్స్ 1, 2, ఐజీఎం: పాజిటివ్. కింద నా సంతకం.

ఆయన ఫోన్లో వెతికి చదువుకున్నాడు. హెర్పిస్ అంటే సుఖవ్యాధి అనీ, ఐజీఎం అంటే కొత్తగా అంటుకున్నదనీ తెలుసుకున్నాడు. తనూ ఇంకోచోట పరీక్ష చేయించుకున్నాడు, నెగెటివ్ వచ్చింది. భార్యని పుట్టింటికి పంపి అప్పటికి పది రోజులైంది.

“నాకు లేదు. మరి తనకెక్కణ్ణుంచి వచ్చిందండీ?”

కూర్చోబెట్టి చెప్పాను. ఈ వైరస్ రెండు రకాలు. మొదటిది ఎక్కువగా చిన్నప్పుడే వస్తుంది, ముద్దులతో, నోటి తడితో. పెదవి మీద మనం జ్వరం పొక్కు అనేది చాలావరకు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 నాటికి 50 ఏళ్ళ లోపు వాళ్ళలో 64 శాతం మందికి, అంటే 380 కోట్ల మందికి, అది ఉంది. రెండోది ప్రధానంగా శృంగారం ద్వారా వచ్చేది. 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో 13 శాతం మందిలో ఉంటుందని లెక్క. ఆయన చేతిలోని కాగితం ఈ రెండింటిలో ఏదో చెప్పదు. కొత్తదో పాతదో కూడా చెప్పదు. ఐజీఎం అనే ప్రతిరక్షకం చాలా జబ్బుల్లో మొదట పుట్టి త్వరగా పోతుంది, నిజమే. హెర్పిస్‌లో మాత్రం పాత వైరస్ మళ్ళీ తిరగబెట్టినప్పుడు కూడా కనిపించవచ్చు. ఏ హెర్పిస్సూ లేనివాళ్ళలో వేరే కారణాల వల్ల పొరపాటుగానూ కనిపించవచ్చు. అందుకే హెర్పిస్‌కి ఈ పరీక్ష వాడొద్దని అమెరికా సీడీసీ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతాయి.

ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. విని, “ఇదంతా మీకు ముందే తెలుసా?” అన్నాడు.

“తెలుసు.”

“తెలిసీ ఎందుకు చేశారు మరి?”

ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గరున్న జవాబు ఒక్కటే: డాక్టరు రాశారు, ప్యాకేజీలో ఉంది. పైకి అనలేదు. ఆ దంపతులు తర్వాత ఏమయ్యారో నాకు తెలీదు. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

పరీక్షంటే నిజం తెలుసుకోవడమే కదా, నిజం తెలిస్తే తప్పేముంది అనుకుంటాం. కానీ పరీక్ష మనం అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పదు, తనకి చేతనైన ప్రశ్నకే చెబుతుంది. ఐజీజీ పరీక్షనే తీసుకోండి. ఐజీఎం కన్నా ఎంతో నయం, రకాన్ని విడదీసి చెప్పేవీ ఉన్నాయి. అది చెప్పేదల్లా ‘ఈ శరీరం ఈ వైరస్‌ని ఎప్పుడో ఒకప్పుడు కలుసుకుంది’ అని. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి నుంచి అన్నవి దానికి తెలీవు. పదేళ్ళ కిందటిదీ, పోయిన ఏడాదిదీ దానికి ఒకటే. ఆ భర్త అడిగింది తేదీ. రక్తం దగ్గర తేదీ లేదు.

పాజిటివ్ అన్నది కూడా ఎల్లవేళలా పాజిటివ్ కాదు. నూరు మందిలో ఐదుగురికే ఆ వైరస్ ఉందనుకుందాం. నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష వాళ్ళందరికీ చేశామనుకుందాం. ఉన్న ఐదుగురూ దాదాపుగా దొరుకుతారు. లేని 95 మందిలోనూ ఓ ఐదుగురు దొరుకుతారు. అంటే పాజిటివ్ అనిపించుకున్న ప్రతి ఇద్దరిలో ఒకరికి ఆ జబ్బే లేదు. రెండో రకం ఐజీజీలో అంకె 3 లోపు ఉంటే ఇంకో పద్ధతిలో సరిచూసుకోమనేది ఇందుకే. లక్షణాలు లేనివాళ్ళకి ఊరికే ఈ రక్తపరీక్ష చేయొద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ అదే మాట చెప్పింది.

ఇక నెగెటివ్ సంగతి. కొన్నేళ్ళ తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు. తొమ్మిది రోజుల కిందట ఏదో జరిగింది. మూడు వారాల్లో పెళ్ళి. “నెగెటివ్ అని ఒక్క కాగితం ఇస్తే చాలు మేడమ్” అన్నాడు. ఐజీజీ తయారవడానికి కనీసం రెండు మూడు వారాలు పడుతుంది, కొందరికి 12 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తొమ్మిదో రోజున పరీక్ష చేస్తే, వైరస్ ఒంట్లో ఉన్నా నెగెటివే వస్తుంది. ఆ విషయం చెప్పాను. పొక్కు లేస్తే ఆరిపోకముందే రా, దాని మీది తడి తీసి పీసీఆర్ చేస్తే తెలుస్తుంది, లేదంటే మూడు నెలలు ఆగి రక్తం ఇవ్వు అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. పక్క వీధి ల్యాబులో ఆ కాగితం దొరికే ఉంటుంది.

అతనికి కావాల్సింది సమాచారం కాదు, క్షమాపణ. ఆ కాగితంలో అబద్ధమేమీ ఉండదు. ఆరోజు రక్తంలో ప్రతిరక్షకాలు లేవు, అంతే. కానీ దాన్ని చూపించి ‘నాకేం లేదు’ అంటే అబద్ధమే. ధర్మరాజు కూడా అబద్ధమాడలేదు, చివర్లో ఏనుగు మాట మెల్లగా అన్నాడు. మా రిపోర్టుల్లో ఆ ఏనుగు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది: తొలిదశలో నెగెటివ్ రావచ్చు, లక్షణాలతో కలిపి చూసుకోవాలి. ద్రోణుడికి వినపడనట్టే అది ఎవరికీ కనపడదు.

ఇదంతా చెబితే నా సహోద్యోగి ఒకావిడ ఒప్పుకోలేదు. “ఎవరికి ఏం తెలియాలో తేల్చడానికి మనమెవరం? ఆడవాళ్ళ రిపోర్టులు మొగుళ్ళకీ అత్తలకీ చెప్పి వాళ్ళకి చెప్పకుండా ఉంచిన రోజులు మర్చిపోయావా? అడిగినవాళ్ళకి చెయ్యి, ఇవ్వు, వివరించు” అంది. ఆ మాటలో న్యాయముంది. ఈ పరీక్షలు నిజంగా అవసరమైన సందర్భాలూ ఉన్నాయి. కాన్పు దగ్గరపడ్డప్పుడు తల్లికి కొత్తగా జననాంగ హెర్పిస్ సోకితే బిడ్డకి అంటే ప్రమాదం 30 నుంచి 50 శాతం. పాతదే తిరగబెడితే ఒక శాతం లోపే. అలాంటప్పుడు పొక్కులో వైరస్ ఉండి, రక్తంలో దాని ప్రతిరక్షకం లేకపోతే, ఇది కొత్తదని తెలుస్తుంది. ఆ లేకపోవడమే అక్కడ అసలు సాక్ష్యం. అదే పరీక్ష, ప్రశ్న సరిగ్గా ఉంటే ఒక బిడ్డని కాపాడుతుంది.

కాబట్టి తెలుసుకునే హక్కుతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ప్రశ్న లేకుండా అంకె ఇవ్వడంతో. నేను సంతకం పెట్టేది అంకె కిందే అయినా, ఆ అంకెని జనం ఏ ప్రశ్నకి జవాబుగా చదువుతారో నాకు తెలుసు. తెలిసి ఊరుకుంటే అందులో నా వంతు ఉన్నట్టే. ఒకరితో ఒకరు చెప్పుకోవాల్సిన మాటలుంటాయి. ‘నాకు ఇలా జరిగింది, మూడు నెలలు ఆగుదాం’ అనే మాట ఆ కుర్రాడు చెప్పాలి. ‘నిన్ను నమ్ముతున్నాను’ అనో ‘నమ్మలేకపోతున్నాను’ అనో ఆ భర్త చెప్పాలి. వాటి బదులు మనం రక్తం ఇస్తున్నాం.

ప్యాకేజీలోంచి ఐజీఎం తీసేద్దామని యాజమాన్యాన్ని అడిగాను. డాక్టర్లు అడుగుతున్నారు, తీస్తే పక్క ల్యాబుకి పోతారన్నారు. చేయగలిగింది ఒకటే చేశాను. కింద ఉన్న మాటని పైకి తెచ్చాను, ఫలితానికన్నా ముందు, పెద్ద అక్షరాల్లో, తెలుగులో: ‘ఈ పరీక్ష ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు.’

ఆ మాట రాయించడానికి ఆయన వచ్చి వెళ్ళాక నాలుగేళ్ళు పట్టింది నాకు.