ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?

పోయిన మాఘమాసంలో బంధువుల ఇంట పెళ్ళికని తెనాలి వెళ్ళాను. భోజనాల దగ్గర మా వరసలో అందరం ఆడవాళ్ళమే. పప్పు వడ్డించేటప్పుడు బంగారం ధరతో మొదలైన మాటలు, పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ కాపురం మీదికి వెళ్ళాయి. ఆవిడ మాకందరికీ తెలిసినావిడే. బ్యాంకులో ఉద్యోగం. భర్త కొడతాడు. ఇవాళ కొత్తగా మొదలైంది కాదు, పదిహేనేళ్ళుగా ఉన్నదే. (ఆవిడెవరో తెలియకుండా ఊరూ ఉద్యోగం మార్చే రాస్తున్నాను లెండి. మీరు వెతక్కండి.)

"చదువుకుంది, చేతినిండా సంపాదిస్తోంది, ఇంకా ఎందుకండీ పడి ఉండటం? వెళ్ళిపోవచ్చు కదా! నేనైతేనా, మర్నాడే పెట్టె సర్దుకునేదాన్ని" అంది నా పక్కనున్నావిడ అరటిపండు తొక్క తీస్తూ.

అందరం తలలూపాం. నేనూ ఊపాను. చెయ్యి కడుక్కోవడానికి లేచాక నాకు సిగ్గేసింది. అక్కడ తలూపే అర్హత లేని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే.

పన్నెండేళ్ళ క్రితం మేము విజయవాడలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పైవాటాలో ఒక చిన్న కాపురం. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, నాలుగేళ్ళ పాప. నన్ను "అక్కా" అని పిలిచేది. కరివేపాకు కోసమని వచ్చి పావుగంట నిలబడే మాట్లాడేది, కూర్చోమన్నా కూర్చునేది కాదు. అప్పుడప్పుడూ రాత్రిళ్ళు పైనుంచి చప్పుళ్ళు వినిపించేవి. కుర్చీలు జరుపుతున్నారనుకునేవాళ్ళం. రాత్రి పదకొండు గంటలకి ఎవరైనా కుర్చీలెందుకు జరుపుతారని నేను మావారిని అడగలేదు, ఆయన నన్ను అడగలేదు.

ఒక రాత్రి తలుపు చప్పుడైతే తీశాను. చంకలో పాప, చిట్లిన పెదవి, కాళ్ళకి చెప్పులు లేవు. లోపలికి తీసుకొచ్చి మంచినీళ్ళిచ్చాను. కాఫీ కలిపాను. పాపకి పక్క వేశాను. ఇక్కడితో కథ ఆపేస్తే నేను చాలా మంచిదాన్నే! తెల్లవారుజామున ఆ అమ్మాయి, "అక్కా, ఓ పదిరోజులు ఇక్కడ ఉండనా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. బుర్రలో తిరిగినవన్నీ ఇప్పటికీ గుర్తే. ఇంటివాళ్ళేమంటారు? అతనొచ్చి గుమ్మంలో గొడవ చేస్తే? మాదే రెండు గదుల కొంప, పైగా మావాడికి పరీక్షలు. ఇవన్నీ లోపల దాచుకుని, "మీ అమ్మావాళ్ళకి ఫోన్ చెయ్యకూడదూ?" అన్నాను, చాలా మెత్తగా. ఆ అమ్మాయికి అర్థమైపోయింది.

పొద్దున్నే అతనొచ్చాడు. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాప కోసం ఇడ్లీ పొట్లం కట్టించుకుని మరీ వచ్చాడు. "ఏదో కోపంలో జరిగిపోయింది అక్కయ్యగారూ. మీకు శ్రమ ఇచ్చాం" అన్నాడు. ఎంత మర్యాదో! ఆ అమ్మాయి పాపనెత్తుకుని అతని వెనకాలే మెట్లెక్కింది. నేను తలుపు వేసుకుని "అమ్మయ్య" అనుకున్నాను.

ఆ "అమ్మయ్య" నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మీకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే నా నవల ఒకటి ధారావాహికగా వస్తుండేది. అందులో హీరోయిన్ చివరి ప్రకరణంలో భర్త మొహాన తాళాల గుత్తి విసిరేసి, గేటు తీసుకుని బయటికి నడిచి వెళ్ళిపోతుంది. కింద "సమాప్తం". మెచ్చుకుంటూ చాలా ఉత్తరాలొచ్చాయి. వాటిలో ఒక పోస్టుకార్డు మాత్రం ఇంకా దాచుకున్నాను. పేరూ ఊరూ లేవు. ఒక్కటే వాక్యం: "ఆవిడ ఆ రాత్రి ఎక్కడ పడుకుందండీ?"

నిజం చెప్పొద్దూ, నేను ఆలోచించనే లేదు. గేటు దాటించడం వరకే నా పని అనుకున్నాను. పెళ్ళి భోజనంలో ఆవిడ అన్న "పెట్టె సర్దుకోవడం" కూడా అలాంటిదే. ఆ పెట్టెలో ఏం పెట్టాలి? చదువుకున్న సర్టిఫికెట్లు అతని బీరువాలో ఉంటాయి. నగలు అత్తగారి దగ్గరో, ఇద్దరి పేరున ఉన్న లాకర్లోనో ఉంటాయి. జీతం ఆవిడ ఖాతాలోనే పడుతుంది, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. పిల్లని బడి మార్చాలంటే టీసీ కావాలి. గది అద్దెకి అడిగితే ఇంటావిడ వేసే మొదటి ప్రశ్న "మీవారేం చేస్తారు?" ఇవన్నీ పోగు చెయ్యడానికి ఒక రాత్రి చాలదు, ఒక్కొక్కసారి ఏళ్ళు పడుతుంది. అందాకా అదే ఇంట్లో అన్నం వండుతూ ఉండాలి. బయటినుంచి చూసేవాళ్ళకి అది పడి ఉండటంలాగే కనిపిస్తుంది మరి.

ఇంకో చిక్కుంది. అతను రోజూ కొట్టడు. కొట్టిన మర్నాడు మల్లెపూలు తెస్తాడు. పాపని గుర్రమెక్కించుకుని ఆడిస్తాడు. ఒక్కోసారి కాళ్ళ మీద పడి ఏడుస్తాడు కూడా. లెనోర్ వాకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1979లో రాసిన పుస్తకంలో ఈ తిరుగుడంతా వివరించింది: ముందు ఇంట్లో బిగుసుకునే వాతావరణం, ఆ తర్వాత దెబ్బలు, ఆ తర్వాత పశ్చాత్తాపం, మళ్ళీ మొదటికి. అమెరికా దాకా ఎందుకు, మా పైవాటాలో ఇడ్లీ పొట్లం సంగతి చూశారుగా! ఆ మంచిరోజుల మనిషే అసలు మనిషని, కొట్టేవాడు మధ్యలో ఎక్కడినుంచో వచ్చి పోతున్నాడని ఆవిడ నమ్ముతుంది. కాపురం నిలుపుకోమనీ, మొగుణ్ణి మంచిదారికి తెచ్చుకోమనీ చిన్నప్పట్నుంచీ నూరిపోసి, తీరా ఆశ పెట్టుకుంటే తెలివితక్కువదంటాం.

భయం సంగతి చెప్పనే అక్కర్లేదు. వెళ్ళిపోతున్నానని తెలిసినప్పుడూ, వెళ్ళిన కొత్తల్లోనూ ప్రాణానికి ముప్పు ఎక్కువని దీన్ని చదువుకున్నవాళ్ళంతా చెబుతారు. "వెళ్తే చంపేస్తా" అన్న మాటని మనం కోపంలో అన్నదనుకుంటాం. ఆ చేతి బరువు తెలిసినావిడ అలా అనుకోలేదు.

ఇక పుట్టిల్లు. గురజాడవారి "దిద్దుబాటు" కథ మీరంతా చదివే ఉంటారు. 1910లో వచ్చింది. సానిపాటల మోజులో పడి రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన భర్తకి, పుట్టింటికి వెళ్ళిపోతున్నానని కమలిని రాసిపెట్టిన ఉత్తరం కనిపిస్తుంది. అతను పశ్చాత్తాపపడి గోల పెట్టాక తెలుస్తుంది, ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు, మంచం కిందే ఉంది! కాలేజీలో ఆ కథ చదివి ఎంత నవ్వుకున్నానో. ఇప్పుడు చదివితే మాత్రం, ఆ ఉత్తరం ఎందుకు పనిచేసిందా అనిపిస్తుంది. చదివి సిగ్గుపడే గుణం ఆ భర్తలో ఉంది. కమలిని వెళితే పుట్టింటివాళ్ళు తలుపు తీస్తారని అతనికి నమ్మకమూ ఉంది. మా పైవాటా అతనికి ఆ బెంగ లేదు. ఆ అమ్మాయి అంతకుముందు రెండుసార్లు పుట్టింటికి వెళ్ళింది. రెండుసార్లూ వాళ్ళ నాన్నే రైలెక్కించి, పళ్ళూ బట్టలూ ఇచ్చి దిగబెట్టి వెళ్ళాడు. "చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా ఓర్చుకో తల్లీ" అన్నాడట. అమ్మ గడప పట్టుకుని ఏడ్చిందట. ఆ తల్లిదండ్రుల్ని దుర్మార్గులని తిట్టలేను. నేను చేసిందీ అదే కదా, పళ్ళూ బట్టలూ లేకుండా!

ఆడపిల్ల అంటే "ఆడ" పిల్లేగాని "ఈడ" పిల్ల కాదని మనవాళ్ళు సరదాగా అంటూంటారు. చట్టం అలా అనటం మానేసి చాలాకాలమైంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు అని ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసి, 1985 సెప్టెంబరు నాటికి పెళ్ళికాని కూతుళ్ళకి వర్తింపజేసింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మరి ఎంతమంది అడిగి తీసుకుంటున్నాం? అన్నదమ్ములతో మాట పట్టింపు వస్తుందని, కష్టకాలంలో వెళ్ళడానికి పుట్టిల్లంటూ ఒకటి ఉండాలని, అడిగినచోటల్లా సంతకం పెట్టేస్తాం. తీరా ఆ కష్టకాలం వచ్చాక, వాటా లేని ఇంట్లో నాలుగోరోజుకే చుట్టాలమైపోతాం.

మనమూ మనమూ మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇంకో మాట. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భార్యని భర్త కొట్టడం ఏయే కారణాలకి సబబు అని ఆడవాళ్ళనే అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్ళినా, వంట సరిగా చెయ్యకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా, ఎదురు చెప్పినా, ఇలా ఏడు కారణాలు. వాటిలో కనీసం ఒక్కదానికైనా కొట్టొచ్చునన్న స్త్రీలు ఆంధ్రాలోనూ, తెలంగాణలోనూ నూటికి దాదాపు 84 మంది! అదే సర్వేలో దేశం మొత్తం మీద దెబ్బలో, లైంగిక హింసో అనుభవించినవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మంది. 77 మంది సాయం సంగతి అలా ఉంచి, ఎవరికీ చెప్పుకోను కూడా లేదు. ఎవరితో చెప్పాలి? చెప్పబోయే పక్కింటావిడ ఆ 84 మందిలో ఒకతె కాదని ఏం నమ్మకం? అడిగిన కొద్దిమందిలోనూ ఎక్కువమంది వెళ్ళింది పోలీసుల దగ్గరికి కాదు, సొంతవాళ్ళ దగ్గరికే.

చట్టాలు లేవని అనను. భార్యని హింసించడం 1983లోనే నేరమైంది. 498-ఎ అని మనం పిలిచిన ఆ సెక్షను 2024 జూలై నుంచి కొత్త న్యాయసంహితలో 85గా మారింది. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం. కాపురముంటున్న ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, అందులో ఉండే హక్కు ఆవిడకుందంటుంది. అవసరమైతే భర్తనే బయటికి వెళ్ళమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. అత్తమామల పేరున ఉన్న ఇల్లైనా, అక్కడ వాళ్ళు కాపురం చేసి ఉంటే ఆ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. "వెళ్ళిపోవచ్చు కదా" అని మనం ఇన్నాళ్ళూ ఆవిడనే అంటున్నామా, అతన్ని వెళ్ళమనొచ్చని మనలో ఒక్కరికైనా తట్టిందా?

మూడేళ్ళ క్రితం గుంటూరు బస్టాండులో "అక్కా" అని ఎవరో పిలిస్తే తిరిగి చూశాను. పైవాటా అమ్మాయే. కాస్త ఒళ్ళు చేసింది. పాప నా భుజం దాకా ఎదిగింది. మా ఇంటికి వచ్చిన నాలుగేళ్ళకి బయటపడిందట. ఎలా అని అడిగాను. మా వీధి చివర ఇస్త్రీబండి ఆవిడ గుర్తుందా అంది. నెలరోజులపాటు ఇస్త్రీ బట్టల మూటలో ఒక్కో కాగితం, ఒక్కో వస్తువు పెట్టి ఆవిడ దగ్గరికి చేరవేసిందట. సర్టిఫికెట్లు, పాప పుట్టిన తేదీ కాగితం, రెండు గాజులు, ఒక జత బట్టలు. ఒకరోజు పాపని బడికి తీసుకెళ్తున్నట్టే వెళ్ళి, 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రంలో చోటిచ్చారు. అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజులే. ఆ తర్వాత రెండు నెలలు ఇస్త్రీ ఆవిడ ఇంట్లోనే, ఒకే గదిలో, ఐదుగురి మధ్య. ఆ రెండు నెలల్లో కోర్టు కాగితాలూ పడ్డాయి, ఒక బట్టల కొట్లో ఉద్యోగమూ దొరికింది.

"ఎన్నాళ్ళుంటావని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదక్కా" అంది.

నేను ఆ రాత్రి సంగతి ఎత్తి ఏదో చెప్పబోయాను. "అయ్యో, మీరు కాఫీ ఇచ్చారు కదక్కా!" అంది నవ్వుతూ. దెప్పడానికి అన్న మాట కాదది. ఇంతలో వాళ్ళ బస్సొచ్చింది.

తెనాలి పెళ్ళినుంచి వచ్చిన నాలుగోరోజున, మధ్యాహ్నం లంచ్ వేళ చూసి బ్యాంకావిడకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక పెళ్ళికూతురి చీర గురించి కాసేపు, ఎండల గురించి కాసేపు మాట్లాడాను. చివరికి, "మా ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉంటుంది. ఊరికే చెబుతున్నాను" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. కట్ అయిందేమో అనుకున్నాను.

"ఆ గదికి వేరే గుమ్మం ఉందా అండీ?" అంది.

"ఉంది. సందులోంచి రావచ్చు" అన్నాను.

"సరేనండీ" అని పెట్టేసింది.

వెళ్ళి చూద్దును గదా, మంచం నిండా పాత పత్రికలు, మావాడి క్రికెట్ బ్యాట్లు, పనిచెయ్యని మిక్సీ. సందు వైపు తలుపు గడియ తుప్పుపట్టి కదల్లేదు. సాయంత్రం దాకా కొబ్బరినూనె పోసి దానితోనే సరిపోయింది.