అద్దె యిల్లు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో అనేక తెలుగు కుటుంబములు తరతరములుగా రైల్వే క్వార్టర్లలో నివసించినవి. ఆ యిండ్లు వారివి కావు; ఉద్యోగము ముగిసిన పిమ్మట తాళపుచెవి అప్పగింపవలెను; ఇతరులకు బాడుగకిచ్చుట నిషిద్ధము. అట్టి యొక ఉద్యోగి పదవీ విరమణ చేసి, సొంత యిల్లు కట్టుకొని, 1951లో స్థాపింపబడిన ఐ.ఐ.టి.కి కొలది నెలల కొరకు వచ్చువారికి గది యిచ్చునప్పుడు, ఎంత బాడుగ న్యాయము? గదులు దొరకని దినములలో రెట్టింపు అడిగినను చట్టము పట్టుకొనకపోవచ్చును. అయినను పరుని అక్కర తన లాభమునకు కొలత కావచ్చునా? ఇంటి ఖర్చునకును శ్రమకును తగిన ప్రతిఫలము గైకొనుట ధర్మమే. నిస్సహాయతకు వెల కట్టుట ధర్మము కాదు. పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె యింటనే యుండి, వచ్చినవారినెల్ల ఆదరించెను. క్వార్టరు తాళపుచెవి అప్పగించినవాడు ఈ సొంత యింటిని కూడ ఒకనాడు విడువవలసినవాడే.